చేటెడు తవుడు

గురజాలలో ఒక ప్రైవేటు బళ్ళో పద్నాలుగేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. తెలుగు మేడమ్ అంటే పిల్లలకు లోకువ, యాజమాన్యానికి ఇంకా లోకువ. లెక్కల మాష్టారు ఒకరోజు సెలవు పెడితే బడంతా అల్లకల్లోలమైపోతుంది. నేను సెలవు పెడితే ఆ పీరియడ్ కూడా లెక్కలకే ఇచ్చి ఊపిరి పీల్చుకుంటారు. పోయిన ఏప్రిల్ ఆఖర్లో కరస్పాండెంట్ గారు మా అందర్నీ గదిలోకి పిలిచి, ఈ ఏడు కూడా వేసవి సెలవులకు జీతం ఇవ్వలేమని చెప్పారు. చెప్పినందుకు కాదు, నవ్వుతూ చెప్పినందుకు నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే ఉద్యోగం మారాలని తీర్మానించుకున్నాను.

దారి కూడా దగ్గర్లోనే ఉంది. రెండేళ్ళ కిందట మా బడి మానేసిన సైన్సు మేడమ్ ఒకావిడ నరసరావుపేటలో రిక్రూటింగ్ ఆఫీసులో చేరింది. కంపెనీలకు మనుషుల్ని వెతికి పెట్టే పని. మాచర్ల, గురజాల వైపు చూసుకోవడానికి మనిషి కావాలంటున్నారని ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. మర్నాడే వెళ్ళాను.

మందుల షాపు పైన ఇరుకు మెట్లెక్కితే ఆ ఆఫీసు. నాలుగు కుర్చీలు, ఒక కూలరు, గోడ మీద తెల్ల బోర్డు. మేనేజరు నాకంటే పదేళ్ళు చిన్నవాడు. నా బయోడేటా అంతా చదివి, తల ఎత్తి, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మీరు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు మేడమ్. పద్నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్నే పేర్లు పిలుస్తానే ఉన్నారు గదా. ఇక్కడా అదే పని. పేరు పెట్టి పిలిస్తే మనిషి కాదనలేడు. మొదటి కాల్‌కి ఎత్తరు. రెండోదానికీ ఎత్తరు. మూడోదానికి ఖచ్చితంగా ఎత్తుతారు. మా దగ్గర దీన్ని త్రీ కాల్స్ రూల్ అంటాం."

నేను నవ్వాను. మా ఇంట్లో ఆ రూలు అతను పుట్టకముందు నుంచీ ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

నాకు పెట్టిన పరీక్ష ఇది. తమిళనాడు సరిహద్దు దగ్గర సెల్‌ఫోన్లు బిగించే కంపెనీకి మే నెలలో మాచర్ల నుంచి ఒక బస్సు వెళ్తుంది. అందులో నా తరఫున పదిమంది ఎక్కాలి. పదిమంది ఎక్కితే ఉద్యోగం నాది. జీతం బళ్ళో ఇచ్చేదానికి రెట్టింపు, పైగా ఎక్కిన ప్రతి మనిషికీ పర్ హెడ్ కొంత. తొమ్మిదిమందే అయితే వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. అతను 'పర్ హెడ్' అన్నప్పుడు అదేదో శుభ్రమైన మాటలాగే ఉంది. తెలుగు టీచరు బుద్ధి ఊరుకోదు కదా, బస్సులో తిరిగొస్తూ దాన్ని తెలుగులోకి మార్చుకున్నాను. 'తలకింత.' పిడుగురాళ్ళ దాటేదాకా ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

మా ఆయన దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. సంగతంతా విని, "ఇన్నాళ్ళూ పద్యాలమ్ముకున్నావు, ఇంక మనుషుల్ని అమ్ముతావన్నమాట," అన్నాడు. ఎగతాళికే అన్నాడు. నేను కూడా ఎగతాళికే గరిటె చూపించాను.

పాత హాజరు పట్టీల నుంచి రాసుకున్న నంబర్లు నా దగ్గర దొంతరలుగా ఉన్నాయి. మే నెల ఎండలకు మధ్యాహ్నం పూట ఎవరూ గడప దాటరు కాబట్టి ఆ వేళకే ఫోన్లు చేసేదాన్ని. నా దగ్గర చదివి, డిగ్రీ తప్పి, మిరపకల్లాల్లోనో మెకానిక్ షెడ్లలోనో తేలిన పిల్లలంతా ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. "నేనురా, తెలుగు మేడమ్‌ని," అంటే చాలు, ఫోనులోనే లేచి నిలబడినట్టు గొంతు మారిపోయేది. మేనేజరు చెప్పింది అక్షరాలా నిజం. పేరు పెట్టి పిలిస్తే ఎవరూ కాదనలేదు. ఎనిమిది రోజుల్లో తొమ్మిదిమంది తేలారు. నాకు గర్వంగా ఉండేది. నా మాటకు ఇంత విలువుందని పద్నాలుగేళ్ళలో ఎవరూ చెప్పలేదు మరి.

పదో మనిషి మాత్రం దొరకలేదు. ఒకడికి పెళ్ళి కుదిరింది, ఒకడి తల్లి ఏడ్చింది, ఇంకొకడు సరేనని ఫోన్ ఆపేశాడు. బస్సుకు ఇంకా వారం ఉంది. నోటు పుస్తకంలో పదో గీత ఖాళీగా నన్నే చూస్తోంది. అప్పుడు తట్టాడు వాడు. తట్టగానే సంతోషం వేసింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

వాడెవరో చెప్పాలంటే రెంటచింతలలో మా పుట్టింటి గోడ దగ్గర మొదలుపెట్టాలి.

మా పక్కింటి అత్తకు ముగ్గురు బిడ్డలు పుట్టి నెల తిరగకుండానే పోయారు. మేము గుడికి, అంటే చర్చికి వెళ్ళేవాళ్ళం, వాళ్ళు పోలేరమ్మకు మొక్కేవాళ్ళు. గోడ మాత్రం ఒకటే, నడుం ఎత్తు. అత్త అనడం కూడా వరసకే, చుట్టరికం లేదు. నాలుగోసారి మగపిల్లవాడు పుట్టినప్పుడు తొమ్మిదో రోజున వాణ్ణి పెంటకుప్ప మీద దొర్లించి, ముక్కు కుట్టించి, చేటలో పడుకోబెట్టి గోడ మీదికి తెచ్చింది. అప్పుడు నేను ఇంటర్ మొదటి ఏడు. మిట్టమధ్యాహ్నం. మా అమ్మ ఇటువైపు నిలబడింది. ఇంకో చేటలో తవుడు పట్టుకుని నేను అమ్మ పక్కన నిలబడ్డాను.

"అమ్ముతున్నా వదినా," అంది అత్త.

"కొన్నా," అంది అమ్మ.

చేటెడు తవుడు అటు వెళ్ళింది, బిడ్డ ఇటు వచ్చాడు. అమ్మ వాణ్ణి ఒకసారి గుండెకు ఆనించుకుని, "నా బిడ్డ వదినా వీడు. నీ బిడ్డ కాదు. కూలికి పెంచి పెట్టు," అని మళ్ళీ గోడ మీదుగా అందించింది. ఆ ముగ్గుర్నీ తీసుకుపోయినదేదో నాలుగోవాడి కోసం వస్తే, ఈ ఇంట్లో బిడ్డ లేడు, అమ్మేశాం అని చెప్పడానికన్నమాట. మా చర్చి స్వాములవారికి, అంటే ఫాదర్‌కి తెలిసి గట్టిగా కోప్పడ్డారు. అమ్మ తల వంచుకుని అన్నీ ఒప్పుకుంది. బిడ్డను మాత్రం వదులుకోలేదు.

వాడు బతికాడు. అమ్మను 'కొన్నమ్మా' అనేవాడు. కన్నతల్లిని, నేను పిలిచినట్టే, 'అత్తా' అనేవాడు. అలా పిలవమని నేర్పింది ఆ కన్నతల్లే. మా వీధిలో పద్ధతి ప్రకారం బిడ్డ గట్టిపడ్డాక అదే తవుడు తిరిగిచ్చి కొనుక్కోవాలి. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు కొంటానంది, కొనలేదు. బళ్ళో వేసేటప్పుడు కొంటానంది. అప్పుడూ భయపడి, బడికి కూడా మా అమ్మనే పంపింది. ఏ రాతలోనూ తన పేరు బిడ్డ పక్కన పడకూడదని ఆవిడ పట్టుదల. నాలుగేళ్ళ కిందట అమ్మ పోయింది. సమాధిలో మొదటి పిడికెడు మన్ను వాడే వేశాడు. ఈ కుర్రాడెవరని కొత్తగా వచ్చిన ఫాదర్ అడిగితే, నలుగురైదుగురు ఒకేసారి "కొడుకే" అన్నారు. ఇప్పుడు వాడికి ఇరవై మూడేళ్ళు. నాపరాళ్ళు కోసే మిషను దగ్గర పనిచేస్తూ, ఒంటినిండా తెల్ల దుమ్ముతో ఇంటికొస్తాడు. ఇక మూడు పిలుపుల సంగతి. మిట్టమధ్యాహ్నం ఎవరైనా పిలిస్తే మూడోసారికి గానీ పలకకూడదని అత్తా, అమ్మా ఇద్దరూ నమ్మేవాళ్ళు. మనిషి కానిది మూడోసారి పిలవలేదట.

సరే, వాడి నంబరు నొక్కాను. పన్నెండు దాటింది. రెండు రింగులకే ఎత్తారు. "ఒరేయ్, నేనురా, అక్కని," అన్నాను. మాట లేదు. సర్... సర్... సర్... అని చప్పుడు. చేటలో ఏదో చెరుగుతున్నారు. మధ్యలో ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఫోన్ కట్ అయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే చప్పుడు, కట్. మూడోసారికి అత్త గొంతు వినబడింది.

"నువ్వేనా? చెప్పు."

"ఏంది అత్తా ఇది, ఫోనులో కూడానా?"

"ఫోనైతే ఏంది? పిలుపు పిలుపే."

"వాడేడీ?"

"పనికెళ్ళాడు. నువ్వు చేస్తావని ఫోను ఇంట్లో పెట్టి పొమ్మన్నా."

నాకు అర్థం కాలేదు. "నేను చేస్తానని నీకెవరు చెప్పారు?"

"మీ అమ్మ," అంది అత్త, సంతకు వెళ్తూ ఎదురైన మనిషి సంగతి చెప్పినంత మామూలుగా. "తెల్లారుజామున కల్లోకొచ్చింది. గోడ మీద చెయ్యి పెట్టి నిలబడింది. తవుడు సిద్ధం చేసుకో వదినా, మా పిల్ల బేరం పెట్టబోతంది అని చెప్పింది. చానా కోపంగా ఉందే. పొద్దున్నుంచి చెరుగుతానే ఉన్నా."

ఒక సంగతి చెప్పాలి. అప్పటికి వాడి పేరు నేను మా ఆయనకు కూడా చెప్పలేదు. పుస్తకంలో రాయలేదు. పదో గీత ఖాళీగానే ఉంది.

"ఆదివారం రా," అంది అత్త. "మిట్టమధ్యాహ్నం రా. కొన్నది ఆ వేళకే గదా. అమ్మిన వేళకే తిరిగి కొనుక్కోవాల."

వెళ్ళకుండా ఉండొచ్చు. కానీ పదో మనిషి కావాలి నాకు. ఆశ లావు, పీక సన్నం. ముసలావిడ చాదస్తం తీర్చేసి, తవుడు పుచ్చుకుని, వాడి సర్టిఫికెట్లు తీసుకుని వచ్చేద్దామని ఆదివారం బస్సెక్కాను.

రెంటచింతల ఎండ గురించి తెలియనివాళ్ళకు ఎంత చెప్పినా బడాయి అనుకుంటారు. బస్సు దిగేసరికి గుళ్ళో పన్నెండు గంటలు కొట్టారు. ఆ గంట వినగానే అమ్మ చేతిలో పని ఆపేసి త్రికాల జపం చెప్పుకునేది. గంట ఆగాక ఊళ్ళో ఇంకే చప్పుడూ లేదు. తలుపులన్నీ వేసి ఉన్నాయి. కుక్కలు కూడా ఏ నీడలో దూరాయో కనబడలేదు. వీధి మొత్తం మీద కదిలేది నేనొక్కదాన్నే. నా నీడ కూడా పాదాల కిందికి ముడుచుకుపోయింది. చీర కొంగు తలమీద కప్పుకుని మా వీధి మలుపు తిరిగాను.

"ఏమే."

వెనకనుంచి. పెద్దగా కాదు, అరిచినట్టు కూడా కాదు. బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా పిలిచినట్టు. మా అమ్మ జీవితంలో నన్ను పేరుతో పిలిచింది బహుశా పదిసార్లు ఉంటుందేమో. 'ఏమే' అనేది, అంతే. ఆ 'మే' దగ్గర గొంతు కొంచెం సాగేది.

నేను దయ్యాలను నమ్మను. తరగతిలో ఇరవైసార్లు చెప్పాను పిల్లలకు, అవన్నీ భయం కల్పించుకున్న బొమ్మలని. కానీ వెనక్కి తిరగలేదు. పలకలేదు. రెండో పిలుపు వస్తుందేమోనని చెవులు రిక్కించి, నడక పెంచకుండా, తగ్గించకుండా నడిచాను. రాలేదు. అత్త గుమ్మం ఎక్కాక చూసుకుంటే నా గోళ్ళు నా అరచేతుల్లో దిగబడి ఉన్నాయి.

వాడు గడపలోనే కూర్చుని ఉన్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. "అక్కా, బస్సులో ఏసీ ఉంటదా?" అని అడిగాడు. వాడికి తవుడూ పట్టలేదు, కలా పట్టలేదు. రాళ్ళ దుమ్ములోంచి బయటపడితే చాలు. తొమ్మిదిమందిలో ఒకడు వాడి స్నేహితుడే. అంతా వాడి నోట విన్నాడట.

అత్త లోపలి గోడకు ఆనుకుని, ముందర చేట పెట్టుకుని కూర్చుంది. చేట నిండా తవుడు, ఊకపొట్టు ఒక్కటి లేకుండా.

"ఎంతకే?" అంది నన్ను చూడగానే.

"ఏంది అత్తా ఎంతకు?"

"వీడికి ఎంతిస్తారు నీకు? తలకింత అంట గదా."

కంపెనీ వాళ్ళు నాకు జీతం ఇస్తారు తప్ప అలాంటివేం లేవని అబద్ధం చెప్పాను. చెబుతున్నంతసేపూ అత్త నా మొహం చూడలేదు, నా వెనక మా ఇంటివైపు చూసింది.

"నువ్వు అమ్ముతానంటే అడ్డం పడే హక్కు నాకు లేదు. వాడు మీ ఇంటోడు. మీ అమ్మ కొన్నది. మీ అమ్మ పోయినాక నీ సొత్తు. అందుకే ముందు నేను కొనుక్కుంటున్నా. ఒకసారి అమ్మితే బతికాడు. రెండోసారి అమ్మిన బిడ్డ నిలవడే."

"అడ్డాల నాడు బిడ్డలు గానీ గడ్డాల నాడు బిడ్డలా అత్తా? ఇరవై మూడేళ్ళొచ్చాయి వాడికి," అన్నాను తేలిగ్గా నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"నీకేం తెలుసు," అంది. "ఇరవై మూడేళ్ళుగా వాణ్ణి నా కొడుకని ఒక్కరోజు అనలా. జొరమొస్తే పక్కింటోళ్ళ బిడ్డకి జొరమొచ్చిందని ఏడ్చా. ఇవాళ కొనుక్కుంటే, ఆ ముగ్గుర్ని తీసుకుపోయింది తెలుసుకుంటది. కొనుక్కోకపోతే నువ్వు అమ్ముతావు. ఎటు చచ్చేది నేను?"

అప్పుడైనా నేను లేచి వచ్చేయాల్సింది. లేవలేదు. నా కొంగు పరిచాను. అత్త చేట ఎత్తి తవుడు పోయడం మొదలుపెట్టింది. మెత్తగా, వెచ్చగా ఉంది. సగం పోసి వాడివైపు చూసింది.

"పిలువురా," అంది. "ఇంక నన్ను పిలవాల్సినట్టు పిలువు."

వాడు సిగ్గుపడ్డాడు. తల గోక్కున్నాడు. తర్వాత, ఇరవై మూడేళ్ళలో మొదటిసారి ఆవిణ్ణి చూస్తూ, "అమ్మా," అన్నాడు.

అత్త పలకలేదు. అలవాటు. మొదటి పిలుపుకు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ పెదవులు బిగించి కూర్చుంది. వాడు నవ్వి, ఈసారి కొంచెం గట్టిగా, "అమ్మా," అన్నాడు.

"ఆఁ," అని పలికారు.

అత్త కాదు. అత్త నోరు మూసుకునే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. గోడకు అవతల నుంచి. తాళం వేసి ఉన్న మా ఇంటి నుంచి. పనిలో ఉన్న మనిషి పిల్లవాడు పిలిస్తే అలవాటుగా పలికినట్టు.

నాకొక్కదానికే వినబడిందనుకోవడానికి లేదు. వాడి మొహంలో నవ్వు అలాగే ఆగిపోయి ఉంది. వాడు మూడోసారి పిలవబోతుంటే అత్త చేట వదిలేసి, ఎగిరి వాడి నోరు మూసింది. చేట బోర్లాపడింది. మిగిలిన తవుడు నేల మీద పరుచుకుంది.

తవుడు కొంగున మూటకట్టి పట్టుకుని నేను బయటికి వెళ్ళి చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. మా ఇంటి తాళం తాళంలాగే ఉంది. గొళ్ళేనికీ తలుపుకూ మధ్య సాలెగూడు చెక్కుచెదరలేదు. వెనకసందులో గొర్రెలు కాసేవాళ్ళు ఎవరైనా అరిచి ఉండొచ్చని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. ఆ ఎండలో గొర్రెలెక్కడివని వెంటనే నేనే అడుగుతాను.

తిరిగొచ్చేసరికి అత్త వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంది. "బేరం సగంలో ఆగింది," అంది. "సగం తవుడు నీ కొంగులో ఉంది. వాడు పోతానంటున్నాడు, పోనీ. ఆపను. కానీ అమ్మడం వేరు, పంపడం వేరు. నువ్వేం చేస్తావో నీ చేతిలో ఉంది. మీ అమ్మ వింటానే ఉంది."

భయపడ్డ మనిషి చేసే పని ఒకటే. ఏమీ జరగనట్టు తన పని తాను చేసుకుపోవడం. వాడి దగ్గర పదో తరగతి సర్టిఫికెట్టూ ఆధారూ అడిగి తీసుకుని, గుమ్మంలో వెలుతురుకు పెట్టి ఫోనుతో ఫోటోలు తీశాను. ఏళ్ళ తరబడి పిల్లల సర్టిఫికెట్లు అక్షరం అక్షరం సరిచూసిన మనిషిని, దాన్ని మాత్రం చదవలేదు. తవుడు పారబోయడానికి మనసొప్పక టిఫిను డబ్బాలో పోసుకుని గురజాల తెచ్చుకున్నాను. డబ్బా వంటింట్లో గట్టు మీద పెట్టాను. ఆ సాయంత్రమే ఫోటోలు మేనేజరుకు పంపించి, పదో గీత మీద వాడి పేరు రాశాను.

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. వాడు బస్సెక్కాడు. ఫోన్ల కంపెనీలో చేరాడు. ఆదివారాలు ఫోన్ చేస్తాడు, ఒళ్ళు చేశాడు, దగ్గు తగ్గిందట. ఇప్పటికీ అత్తను అత్త అనే అంటాడు. నేను జూన్‌లో మళ్ళీ అదే బడికి, అదే జీతానికి వెళ్ళాను. కరస్పాండెంట్ గారు నవ్వుతూనే పలకరించారు. ఇవన్నీ ముందు చెప్పడం దేనికంటే, ఆఖర్న, ఫోటోలు పంపిన మర్నాడు, ఆ సోమవారం మధ్యాహ్నం దగ్గర ఆగాలి నేను. అది నన్ను వదలడం లేదు.

మా ఆయన డ్యూటీకి వెళ్ళాడు. నేను వంటింట్లో గట్టు దగ్గర నిలబడి ఉన్నాను. పన్నెండు కావస్తోంది. మేనేజరు ఫోన్ చేశాడు, మంచి హుషారుగా.

"కంగ్రాట్స్ మేడమ్, పది పూర్తయ్యాయి. ఒక్క చిన్న డౌటు. ఈ పదో కుర్రాడి టెన్త్ సర్టిఫికెట్లో తల్లి పేరు, మీ బయోడేటాలో మీరు రాసిన మీ అమ్మగారి పేరు ఒకటే ఉన్నాయి. ఇంటిపేరుతో సహా. మీ తమ్ముడా?"

బడికి వాణ్ణి చేయి పట్టుకుని తీసుకెళ్ళింది అమ్మ. తల్లి పేరు ఏమిటని అడిగి ఉంటారు. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించి ఉండదు. కొన్నది కదా, తన పేరే చెప్పింది. గవర్నమెంటు ముద్ర కింద వాడు ఇన్నేళ్ళుగా మా అమ్మ కొడుకుగానే ఉన్నాడు.

"ఏం లేదు మేడమ్," అంటున్నాడు మేనేజరు. "సొంతవాళ్ళు లెక్కలోకి రారు, కంపెనీ రూలు. తమ్ముడైతే బస్సెక్కొచ్చు, ఉద్యోగమూ ఇస్తారు, మీ కోటాలో మాత్రం పడడు. అప్పుడు మీకు తొమ్మిదే అవుతాయి. కాదు, బళ్ళో రాసేటప్పుడు తప్పు పడింది అని ఒక్క మాట చెప్పండి, ఒక అఫిడవిట్ రాయించి నేను మేనేజ్ చేసుకుంటా. చెప్పండి. తప్పేగా పడింది?"

తప్పే పడిందని చెప్పడానికి నోరు తెరిచాను. నిజం చెబుతున్నాను, తెరిచాను. వాడు ఎలాగూ వెళ్తాడు, వాడికి పోయేదేమీ లేదు, ఒక్క మాటతో నా బతుకు మారుతుంది. ఇందులో ఎవరికి నష్టం?

"ఏమే."

వెనకనుంచి. గురజాలలో, నా సొంత వంటింట్లో, తవుడు డబ్బా ఉన్న గట్టు వైపు నుంచి. తల ఎత్తకుండా పిలిచినట్టు.

నేను తిరగలేదు. ఫోను చెవికి నొక్కి పట్టుకున్నాను.

"మేడమ్? వినబడుతుందా?"

"ఏమే," అని రెండోసారి. ఈసారి ఆ 'మే' సాగలేదు. అమ్మకు కోపం వస్తే అలాగే తెగ్గొట్టి పిలిచేది.

మనిషి కానిది మూడోసారి పిలవలేదంటారు. పిలిస్తే పలకాలి. పలికాక ఏం చెప్పుకోవాలో నాకు తెలియలేదు. అమ్మా, నువ్వు కొన్నవాణ్ణి నేను అమ్మాను అని చెప్పాలా?

"మా తమ్ముడేనండీ," అన్నాను ఫోనులో. "సొంత తమ్ముడు. రాతలో తప్పేం లేదు. నావి తొమ్మిదే రాసుకోండి."

అతను ఏదో అన్నాడు, సారీ అన్నాడనుకుంటాను. ఫోను పెట్టేసి, తల వంచుకుని, మూడో పిలుపు కోసం చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

రాలేదు.